మహిళా క్లబ్బు విహారాలు, ఆరోగ్య ప్రసంగాలు: "మీరు వెళ్లి రండి" అనే సభ్యురాలి నుంచి మొదలుపెట్టండి

కొత్త కార్యవర్గం ఎన్నికైందంటే మొదటి మీటింగులోనే ఏడాది క్యాలెండరు రాసేయాలన్న తొందర ఉంటుంది. మ్యూజియం ఒకటి, నాటకం ఒకటి, డాక్టరు గారి ప్రసంగం రెండుసార్లు, చివర్లో ఏదో ఒక ప్రయాణం. కాగితం నిండిపోతుంది. తీరా ఆ రోజు వచ్చేసరికి ఎప్పుడూ వచ్చేవాళ్లే వస్తారు, మిగతావాళ్లు గ్రూపులో ఫొటోలకు లైకులు కొడతారు. కాబట్టి క్యాలెండరును కాసేపు పక్కన పెట్టండి. రానివాళ్లు ఎందుకు రావడం లేదో ముందు తెలుసుకోండి.

సూటిగా అడిగితే చెప్పరు. "ఇంట్లో పనుంది", "ఆ రోజు చుట్టాలొస్తున్నారు", "మీరు వెళ్లి రండి, ఫొటోలు పెట్టండి" అంటారు. కొన్ని నిజాలే కావచ్చు. కానీ నలభై దాటిన ఆడవాళ్లు బయటి ప్రయాణం మానుకోవడానికి చాలాసార్లు పైకి చెప్పని కారణాలు ఉంటాయి. దారిలో బాత్‌రూమ్ దొరుకుతుందో లేదో. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క జారుతుంది. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. నెలసరి ఎప్పుడొస్తుందో, ఎంత అవుతుందో తెలియదు. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు కమ్మి చెమటలు పడతాయి. గైడు చెప్పేది వినపడదు, వినపడలేదని చెప్పడానికి మొహమాటం. ఇక డబ్బు సంగతి సరేసరి. డబ్బు తప్ప మిగతావన్నీ ఆరోగ్య ప్రసంగంలో మాట్లాడుకోవాల్సిన విషయాలే. అందుకే విహారాలు ఒక కమిటీకి, ఆరోగ్య కార్యక్రమాలు మరో కమిటీకి పంచేసే పద్ధతి నాకు నచ్చదు. రెండూ ఒకరి చేతిలోనే ఉండాలి, లేదా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ప్లాన్ చేయాలి.

మొదటి పని: పేరు లేని చీటీలు

మీటింగులో అందరికీ ఒకేలాంటి కాగితం, ఒకే రంగు పెన్ను ఇవ్వండి. మూడు ప్రశ్నలు చాలు. ఆగకుండా అరగంట నడవడం, నిలబడటం, మెట్లెక్కడం వీటిలో దేనితో ఇబ్బంది? బయటికి వెళ్లాలంటే ముందుగా పట్టుకునే బెంగ ఏమిటి? డాక్టరును అడగాలని ఉండి అడగలేకపోయిన ప్రశ్న ఏది? మొదటి రెండింటికీ టిక్కు పెట్టే గళ్లు ఇవ్వండి. చేతిరాత గుర్తుపడతారన్న భయంతో చాలామంది ఖాళీ కాగితం మడిచి ఇచ్చేస్తారు.

ఇదే పని వాట్సాప్ పోల్‌తో తేలిగ్గా అయిపోతుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. పోల్‌లో మామూలుగా ఎవరు ఏది నొక్కారో పేర్లతో సహా గ్రూపు మొత్తానికి కనిపిస్తుంది. ఆన్‌లైన్ ఫారమే కావాలంటే ఈమెయిల్ అడగని విధంగా పెట్టండి. చీటీలు ఇద్దరే చదవాలి, లెక్క రాసుకున్నాక చింపేయాలి. చింపేస్తామని ముందే అందరికీ చెప్పాలి.

మీటింగులకు రావడమే మానేసిన సభ్యులకు ఈ చీటీ ఎలాగూ అందదు. వాళ్లకు ఫోన్ చేయండి. "ఎందుకు రావట్లేదు?" అని అడిగితే సంజాయిషీ అడిగినట్టుంటుంది. "వచ్చే నెల మ్యూజియానికి అనుకుంటున్నాం, మీకు ఏ ఏర్పాటు ఉంటే వీలుగా ఉంటుంది?" అని అడిగితే చెప్పేవాళ్లు చెబుతారు.

క్యాలెండరులో జతలు కట్టండి

చీటీల్లో ఏది ఎక్కువగా వచ్చిందో చూసుకుని, ఒక్కో ప్రసంగాన్నీ ఒక్కో విహారంతో జత కట్టండి. మోకాళ్లు, తూలిపడటం గురించి ఫిజియోథెరపిస్టు ప్రసంగం పెడితే, కొన్ని వారాల తర్వాత పాత కట్టడాల చుట్టూ నెమ్మదిగా సాగే నడక పెట్టండి. చెవి, కన్ను గురించి మాట్లాడించాక నాటకానికో కచేరీకో తీసుకెళ్లండి. మూత్రం ఆపుకోలేకపోవడం గురించి ప్రసంగం పెడితే మాత్రం రోజంతా పట్టే ప్రయాణాన్ని కనీసం మూడు నెలల తర్వాత పెట్టండి. దీనికి లెక్క ఉంది. మూత్రాన్ని పట్టి ఉంచే కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు ప్రచారంలోకి తెచ్చారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ దగ్గినప్పుడు జారే మూత్రానికి మొదటి చికిత్సగా దీన్నే చెబుతుంది: రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు, కనీసం మూడు నెలలు, తెలిసినవాళ్ల పర్యవేక్షణలో. ప్రసంగం విన్నవాళ్లు ఇంట్లో మొదలుపెట్టి, తేడా చూసుకుని, ధైర్యంగా బస్సెక్కడానికి ఆ వ్యవధి కావాలి.

ప్రత్యేక దినాల మోజు గురించి ఒక మాట. మార్చి 8 మహిళా దినం, అక్టోబరు నెల మొత్తం రొమ్ము క్యాన్సర్ అవగాహన, అక్టోబరు 18 మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) దినం, అక్టోబరు 20 ఎముకల దినం. సరిగ్గా ఆ రోజుల్లో మంచి వక్తలు దొరకరు, దొరికినా ఇంకో సభకు పరుగెత్తాలని గడియారం చూస్తుంటారు. అదే ప్రసంగాన్ని ఫిబ్రవరిలోనో ఆగస్టులోనో పెట్టుకుంటే తీరిగ్గా వచ్చి కూర్చుంటారు. ఏప్రిల్ 18న చారిత్రక కట్టడాల దినం, మే 18న మ్యూజియం దినం. ఆ రోజుల్లో చాలా చోట్ల ప్రత్యేక ప్రదర్శనలుంటాయి, కానీ జనం కూడా అంతే ఉంటారు. ప్రదర్శన మరికొన్ని రోజులుంటుందేమో కనుక్కుని ఆ తర్వాతి వారం వెళ్లడం నయం.

"క్లబ్బుకు సరదాగా వస్తాం, ఇక్కడా జబ్బుల గోలేనా?" అనే గొంతు ఒకటి ఉంటుంది. కాదనకండి. కానీ ఇది ఇప్పుడు పుట్టిన అలవాటు కాదని చెప్పొచ్చు. 1897లో కెనడాలోని స్టోనీ క్రీక్‌లో విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే మహిళా సంఘాల్లో మొదటిది ఏర్పడటానికి కారణమైన అడిలేడ్ హూడ్‌లెస్, పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఇంటి పరిశుభ్రత, ఆహారం గురించి ఆడవాళ్లకు శాస్త్రీయంగా తెలియాలని ఊరూరా మాట్లాడిన మనిషి.

ఏ విషయం, అందులో ఏది తప్పనిసరి

"స్త్రీల ఆరోగ్యం" అని పేరు పెట్టి డాక్టరును పిలిస్తే గంటసేపు అన్నీ ముట్టుకుని ఏదీ తేల్చకుండా వెళ్తారు. విషయాన్ని ఇరుకుగా పెట్టండి. ఒక్క ప్రసంగంలో ఒక్క ప్రశ్న. "రాత్రి నిద్ర ఎందుకు పట్టడం లేదు?" అని బోర్డు మీద రాస్తే వచ్చే జనం "మెనోపాజ్: అవగాహన సదస్సు" అంటే రారు.

ఎంత ఇరుకుగా పెట్టినా ప్రతి విషయంలోనూ వక్త నోట తప్పకుండా రావాల్సిన వాక్యం ఒకటుంటుంది. దాన్ని మీరు ముందే పట్టుకోవాలి. మెనోపాజ్ గురించైతే: పన్నెండు నెలలు వరుసగా నెలసరి రాకపోతే ఆగినట్టు లెక్క, ఎక్కువమందికి 45 నుంచి 55 ఏళ్ల మధ్య ఆగుతుంది, అలా ఆగిన తర్వాత ఎప్పుడు ఒక్క రక్తపు మచ్చ కనిపించినా డాక్టరుకు చూపించుకోవాలి. "వేడి చేసిందేమో" అని ఊరుకునేవాళ్లు ప్రతి క్లబ్బులో ఉంటారు.

గుండె గురించైతే: ఛాతీలో నొప్పి, బరువు ఆడవాళ్లకూ ముఖ్య లక్షణమే. కానీ ఊపిరి అందకపోవడం, వికారం, దవడలో లేదా వీపులో నొప్పి, ఎన్నడూ లేని నీరసం కూడా గుండెపోటు కావచ్చు. గ్యాస్ అనుకుని పడుకోకూడదు.

రక్తహీనత గురించైతే: గర్భం లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రక్తహీనతే. ఐరన్ మాత్రను టీతోనో కాఫీతోనో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. తగ్గడానికి కారణం వెతక్కుండా ఏళ్ల తరబడి మాత్రలు మింగడమూ సరికాదు. అధిక రక్తస్రావమే కారణమైతే ముందు దాని సంగతి చూడాలి.

క్యాన్సర్ పరీక్షల దగ్గర కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఇక్కడ ఇంటర్నెట్ సమాచారం తికమక పెడుతుంది. రొమ్ము క్యాన్సర్ కోసం తీసే ఎక్స్‌రే, మామోగ్రామ్ విషయమే తీసుకోండి. అమెరికాలో ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల బృందం 2024లో 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి అని చెప్పింది. బ్రిటన్‌లో 50 నుంచి 71వ పుట్టినరోజు లోపు వాళ్లను మూడేళ్లకోసారి పిలుస్తారు. రెండూ తప్పు కాదు, లెక్కలు వేరు, ఏర్పాట్లు వేరు. కాబట్టి "మా దగ్గర, మా వయసుకు, ఎక్కడ, ఎన్నేళ్లకోసారి?" అని వక్తను నిర్దిష్టంగా అడగండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030కి పెట్టుకున్న లక్ష్యం స్పష్టంగా ఉంది: నూటికి 90 మంది ఆడపిల్లలకు 15 ఏళ్లలోపు హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) టీకా, 70 మంది స్త్రీలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 లోపు మరోసారి నాణ్యమైన పరీక్ష, జబ్బు తేలినవాళ్లలో 90 మందికి చికిత్స. ఈ ప్రసంగానికి సభ్యులతోపాటు వాళ్ల కూతుళ్లను, కోడళ్లను పిలవండి. మిగతా ప్రసంగాలకు పిలవకండి. కోడలి ముందు అత్తగారు, అత్తగారి ముందు కోడలు నోరు విప్పరు.

వక్తను పిలవడం

పేరున్న పెద్ద డాక్టరు కావాలని కార్యవర్గానికి ఉంటుంది, బ్యానర్ మీద బాగుంటుంది కాబట్టి. నా అభిప్రాయం వేరు. రోజూ రోగులతో తెలుగులో మాట్లాడే చిన్న డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు, ఫార్మసిస్టు, కౌన్సెలర్ చాలాసార్లు మేలు. మందుల గురించైతే ఫార్మసిస్టును మించినవాళ్లు లేరు. ఎవరి మందుల సంచి వాళ్లు తెచ్చుకుని కూర్చునే కార్యక్రమం పెట్టి చూడండి, ఒకే మందు రెండు పేర్లతో వాడుతున్నవాళ్లు బయటపడొచ్చు.

పిలిచేటప్పుడు నోటిమాటతో వదిలేయకండి. ఒక పేజీ ఉత్తరం రాయండి. శ్రోతల వయసు, ఎంతమంది, ఏ భాష. మాట్లాడటానికి ముప్పై నిమిషాలు, ప్రశ్నలకు ముప్పై నిమిషాలు, ఇది బేరం లేని షరతు. చీటీల్లో వచ్చిన పది ప్రశ్నలు. చెప్పాలని మీరు కోరుకునే ఆ ఒక్క వాక్యం. స్లైడ్లు వద్దు, లేదా బొమ్మలు మాత్రమే. ఇంకో షరతు మర్యాదగానే అయినా స్పష్టంగా రాయాలి: ఏ మందూ, ఏ పొడీ, ఏ పరీక్షల ప్యాకేజీ, ఏ ఆసుపత్రి కూపనూ పంచకూడదు, సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా ఇవ్వబడదు. హాలు అద్దె, టీ ఖర్చు మేమే పెట్టుకుంటామంటూ ముందుకొచ్చే స్పాన్సర్లకు కావలసింది చాలాసార్లు ఆ జాబితానే. దారి ఖర్చులు, వీలైతే గౌరవ పారితోషికం క్లబ్బే ఇస్తే ఈ మాట చెప్పడానికి మీకు నోరుంటుంది.

వక్త మగవారైతే ఫర్వాలేదా అన్నది చీటీల్లోనే అడిగేయండి. కొన్ని విషయాలకు ఫర్వాలేదంటారు, కొన్నింటికి కాదంటారు.

ప్రసంగం రోజు

కుర్చీలు వరుసలుగా కాకుండా అర్ధచంద్రాకారంలో వేయండి. మైకు తప్పనిసరి, హాలు చిన్నదైనా సరే. "నా గొంతు పెద్దదే" అనే వక్తకు కూడా మైకు ఇవ్వండి, వినపడనివాళ్లు చెప్పరు కాబట్టి. బాత్‌రూమ్ ఎటువైపో మొదటి వాక్యంలోనే చెప్పేయండి. మధ్యలో లేచి వెళ్లొచ్చని కూడా చెప్పండి.

ప్రశ్నల చీటీలను ముందే అందరికీ పంచండి. ఇక్కడొక చిన్న చిట్కా ఉంది: ప్రశ్న ఉన్నవాళ్లు మాత్రమే రాయండి అనకండి. అందరూ ఏదో ఒకటి రాయాలి, ప్రశ్న లేకపోతే "లేదు" అనైనా రాసి మడిచి ఇవ్వాలి. అప్పుడు పెన్ను పట్టుకున్న మనిషిని పక్కవాళ్లు వింతగా చూడరు. ఒకరు చీటీలు సర్ది, ఒకేలాంటివి కలిపి, చదివి వినిపించాలి. ఆ పనికి గట్టి మనిషిని పెట్టండి. ఎందుకంటే సభలో రెండు సంఘటనలు తప్పకుండా జరుగుతాయి. ఒకామె లేచి తన షుగరు ఏ ఆకుతో మాయమైందో పది నిమిషాలు చెబుతుంది. "మీ అనుభవం విన్నాం అక్కా, దీని మీద డాక్టరమ్మ ఏమంటారో విందాం" అని అక్కడితో ఆపాలి. ఇంకొకామె ఫైలు తీసి రిపోర్టు చూడమంటుంది. వేదిక మీద ఎవరి రిపోర్టూ విప్పకూడదు. అందరికీ పనికొచ్చే ప్రశ్నగా మార్చి అడిగించి, సొంత సంగతి వాళ్ల డాక్టరుతోనే మాట్లాడుకోమనాలి.

వెళ్లేటప్పుడు చేతికిచ్చే కాగితం ఒక్క పేజీ ఉండాలి, పెద్ద అక్షరాల్లో. మూడు విషయాలు: ఏం గమనించాలి, ఎప్పుడు వెంటనే వెళ్లాలి, ఎక్కడికి వెళ్లాలి.

ప్రసంగంతోపాటు బీపీ చూసే బల్ల పెట్టాలని చాలా క్లబ్బులు అనుకుంటాయి. మంచిదే, సరిగా చూస్తే. మెట్లెక్కి ఆయాసంతో వచ్చినామె చేతికి చీర కొంగు మీదే పట్టీ చుట్టి, కబుర్ల మధ్య చూసిన అంకె పనికిరాదు. అంతకుముందు అరగంట కాఫీ, టీ, వ్యాయామం ఉండకూడదు. బాత్‌రూమ్‌కు వెళ్లి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ ఒంటికే తగలాలి. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. (మన మీటింగుల్లో ఆ ఐదు నిమిషాల మౌనమే అన్నిటికన్నా కష్టం.) 140/90 దాటితే జబ్బు ఉందని కాదు, మళ్లీ వేరే రోజుల్లో చూపించుకోవాలని. 180/120 దాటి, దాంతో ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం ఉంటే ప్రసంగం ఆపి అంబులెన్స్ పిలవాల్సిందే. అంకెను చీటీ మీద రాసి ఆమె చేతిలోనే పెట్టాలి. గట్టిగా చదవకూడదు, రిజిస్టరులో రాయకూడదు.

విహారానికి చోటు

ఎక్కడికి అన్న ప్రశ్నకు పెద్దగా మథన పడక్కర్లేదు. మ్యూజియం, చిత్రకళా ప్రదర్శన, పాత కట్టడం, నాటకం, సంగీతం, చేనేత లేదా చేతిపనుల కేంద్రం, గ్రంథాలయం, వృక్షోద్యానం ఏదైనా బాగుంటుంది. మూడు షరతులు చాలు: కూర్చునే చోటు ఉండాలి, బాత్‌రూమ్ ఉండాలి, అక్కడ వివరించే మనిషి ఉండాలి. మూడోది లేకపోయినా సర్దుకోవచ్చు, సభ్యుల్లోనే చదివి చెప్పేవాళ్లు దొరుకుతారు. మొదటి రెండూ లేకపోతే ఎంత గొప్ప చోటైనా వద్దు.

ఇద్దరు ముందుగా వెళ్లి చూసి రండి. ఆ ఇద్దరిలో ఒకరు మోకాళ్ల నొప్పులున్నవారై ఉండాలి. చలాకీగా నడిచే కార్యదర్శికి మెట్లు కనిపించవు. వారంలో ఏ రోజు తీసుకెళ్లబోతున్నారో అదే రోజు, అదే వేళకు వెళ్లండి. చాలా మ్యూజియాలకు వారంలో ఒకరోజు, ఎక్కువగా సోమవారం, సెలవు. బస్సు ఆగే చోటు నుంచి గేటుకు ఎంత దూరం? మెట్లెన్ని, పట్టుకోవడానికి కడ్డీ ఉందా? లిఫ్టు ఉందని బోర్డు ఉంటుంది, పనిచేస్తోందా? చక్రాల కుర్చీ అడిగితే ఎంతసేపటికి తెస్తారు? సంచులు లోపలికి అనుమతిస్తారా? లేదంటే మందులు, మంచినీళ్లు ఎలా? దగ్గర్లో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఆసుపత్రి ఏది? ఇక బాత్‌రూమ్ విషయంలో "ఉందండీ" అన్న జవాబుతో సరిపెట్టుకోకండి. లోపలికి వెళ్లి చూడండి. నీళ్లు వస్తున్నాయా, గడియ పడుతుందా, కమోడ్ ఉందా, సంచి తగిలించే కొక్కెం ఉందా, ప్యాడ్లు వేసే చెత్తబుట్ట ఉందా. నలభై మందికి రెండే గదులుంటే పావుగంట విరామం పెట్టి ప్రయోజనం లేదు.

ఇవన్నీ రాసుకుని ఊరుకోకండి. సభ్యులకు పంపే సమాచారంలో పెట్టండి. "గేటు నుంచి హాలుకు పది నిమిషాల నడక, పన్నెండు మెట్లు, కడ్డీ ఉంది, ప్రతి గంటన్నరకూ బాత్‌రూమ్ కోసం బస్సు ఆగుతుంది" అన్న ఒక్క వాక్యం పదిసార్లు రండి రండి అని బతిమాలడం కన్నా బాగా పనిచేస్తుంది. తన మోకాళ్ల గురించి ఎవరికీ చెప్పకుండానే ఆమె నిర్ణయం తీసుకోగలుగుతుంది.

మ్యూజియంలో అంతా చూడాలన్న పట్టుదల వదిలేయండి. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియానికి చెందిన బెంజమిన్ ఐవ్స్ గిల్‌మన్ 1916లోనే "మ్యూజియం అలసట" మీద ఒక వ్యాసం రాశారు. అద్దాల పెట్టెల్లో వస్తువులు చూడటానికి మనిషి ఎలా వంగాలో, మెడ ఎలా తిప్పాలో ఫొటోలు తీయించి మరీ చూపించారు. అలిసేది కాళ్లు మాత్రమే కాదు, చూసే ఓపిక కూడా. రెండు మూడు గదులు, పది పన్నెండు వస్తువులు, గంటన్నర. అంతే. గైడు వెనుక పదిహేను ఇరవై మందిని మించనివ్వకండి, ఎక్కువైతే రెండు జట్లు చేసి ఎదురెదురు దిశల్లో పంపండి. ఇద్దరిద్దరికీ ఒక్కో వస్తువు అప్పగించి, తిరుగు ప్రయాణంలో దాని గురించి మిగతావాళ్లకు చెప్పమనండి. చదువు పెద్దగా లేదని వెనక్కి తగ్గేవాళ్లు ఒక నగ గురించో, వంటపాత్ర గురించో, నేత గురించో మొదలుపెడితే గైడు కన్నా బాగా చెబుతారు.

నాటకం, కచేరీ అయితే పని తక్కువ. నడవా పక్క సీట్లు మోకాళ్లవాళ్లకు, ముందు వరుసలు చెవివాళ్లకు. మధ్యాహ్నపు ఆట దొరికితే రాత్రి ఇంటికెలా అన్న బెంగ ఉండదు. కథ, రాగం, ఏదైనా సరే, పావుగంట ముందుగా ఎవరైనా పరిచయం చేస్తే సగం మంది కునుకు తీయకుండా ఉంటారు.

ఆ రోజు చేయాల్సినవి

అందరినీ జంటలుగా కట్టండి. బస్సు కదిలే ముందు తలలు లెక్కపెట్టడంతో పాటు "మీ జత వచ్చిందా?" అని అడగండి. మామూలుగా ఎప్పుడూ కలిసి తిరిగేవాళ్లనే జత చేయకండి, కొత్త సభ్యురాలిని పాతవారితో కలపండి. నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపించండి, వేగం వాళ్లే నిర్ణయిస్తారు. చివర్లో ఒకరు కాపలాగా నడవాలి. బస్సు మొదటి మెట్టు ఎత్తుగా ఉంటుంది, ఒక చిన్న పీట వెంట తీసుకెళ్లండి.

ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కార్డు ఉండాలి: పేరు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి, ఏ మందులు వాడుతున్నారు, ఏది పడదు. కవరులో పెట్టి అంటించి ఇమ్మనండి, అవసరమైతేనే విప్పుతామని చెప్పండి. షుగర్ మందులు వాడేవాళ్లుంటే భోజనం వేళ జరగనివ్వకండి. కార్యక్రమం ఆలస్యమైతే తినడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ముఖం ఒక పక్కకు లాగడం, ఒక చేయి పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా పక్షవాతంగా భావించి మొదలైన సమయం రాసుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని వెంట వచ్చే ఇద్దరు ముగ్గురికైనా తెలిసి ఉండాలి.

ఫొటోలు తీసే ముందు అడగండి. అందరూ క్లబ్బుకు వెళ్తున్నామని ఇంట్లో చెప్పి రారు.

తిరుగు ప్రయాణంలో ఒక అరగంట పాటలు ఆపించండి. హాలులో చీటీ మీద కూడా రాయని ప్రశ్నలు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు బయటికొస్తాయి. "ఆ రోజు డాక్టరమ్మ చెప్పిన వ్యాయామం నువ్వు చేస్తున్నావా?" అని ముందు సీటు వెనక్కి తిరిగి అడుగుతుంది. వినపడినవి గుర్తుపెట్టుకోండి, పేర్లు వదిలేయండి. వచ్చే ప్రసంగానికి విషయం అక్కడే దొరుకుతుంది.

డబ్బు, లెక్కలు

తలకు ఎంత అన్నది అన్నీ కలిపి, అనుకోని ఖర్చుకు పదో వంతు చేర్చి, ముందే ఒకే అంకెగా చెప్పండి. ఏ తేదీ వరకు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వస్తుందో రాయండి. ఇచ్చుకోలేనివాళ్ల కోసం నిధి ఉంచండి, కానీ "ఫలానావారి సీటు స్పాన్సర్ చేసినవారు" అని చదివే పద్ధతి దారుణం. డబ్బు కట్టే కవరు అందరూ ఒకేలా కోశాధికారికి ఇవ్వాలి. లోపల ఎవరు ఎంత పెట్టారో ఆమెకు తప్ప తెలియకూడదు. కాస్త ఎక్కువ పెట్టగలిగినవాళ్లు పెడతారు, తక్కువ పెట్టేవాళ్లు పెడతారు. మొదటిసారి లోటు వస్తే క్లబ్బు భరించాలి.

అయిపోయాక

హాజరు ఎంత అన్న అంకెతో మురిసిపోకండి. ఏడాదిగా రానివాళ్లలో ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి. ముగ్గురు వచ్చినా ఎక్కువే. ప్రసంగం జరిగిన మూడు నెలలకు మళ్లీ పేరు లేని చీటీ: పరీక్ష చేయించుకున్నారా, లేకపోతే ఏది అడ్డొచ్చింది? "భయం", "తోడు లేరు", "ఎక్కడికెళ్లాలో తెలీదు" అన్న జవాబులు వస్తే ఇద్దరిద్దరుగా కలిసి వెళ్లే రోజు ఒకటి పెట్టండి. పరీక్షకు తోడు వెళ్లడం కూడా క్లబ్బు కార్యక్రమమే.

ముందుగా చూసివచ్చిన వివరాలు, వక్తకు రాసిన ఉత్తరం, బస్సు డ్రైవరు నంబరు, ఏ గైడు నెమ్మదిగా చెబుతారో, ఏ హాలులో మైకు గరగరలాడుతుందో, అన్నీ ఒక ఫైలులో పెట్టి వచ్చే కార్యవర్గానికి అప్పగించండి. అంటించిన కార్డుల కవర్లను మాత్రం ఆ ఫైలులో చేర్చకండి. బస్సు దిగేటప్పుడే, విప్పనివి విప్పనట్టుగానే, ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేయండి.